మోకాళ్లకు సరిపడా చోటు

ఇది ఒక మహా సంగ్రామం కథ. ఇందులో ఒక మహారాణి ఉంది, ఆమె మాటకు ఎదురు చెప్పే మగాడు ఆ రాజ్యంలో పుట్టలేదు. నెల రోజుల దండయాత్ర ఉంది. కోట గుమ్మం దగ్గరే ఏడేళ్లు కూర్చున్న ఒక స్త్రీ ఉంది, ఆమె ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ఒక రహస్యం ఉంది, ఆ రహస్యాన్ని చేరకూడని చోటికి చేరవేసిన ఒక గూఢచారి ఉంది. చదివేవాళ్లు కాస్త నడుం బిగించుకుని కూర్చుంటే మంచిది.

బిగించుకున్నవాళ్లు వదులు చేసుకోవచ్చు. ఇలా మొదలుపెడితే గంభీరంగా ఉంటుందని మొదలుపెట్టాను గానీ, మహారాణి మా నాయనమ్మ. దండయాత్ర అమీర్‌పేట వెనక సందుల్లో, అక్టోబరు నెలలో, సాయంత్రం ఏడు నుంచి ఏడూముప్పావు దాకా. గూఢచారిని నేను, పేరు ఫిలోమినా, అప్పటికి పదకొండేళ్లు. యుద్ధమంతా రెండడుగుల మరియమాత స్వరూపం ఎవరింట్లో ఒక రోజు ఉండాలన్న దాని మీద. ప్రాణనష్టం లేదు. దోమలచక్రం తగిలి ఒక దుప్పటి కాలింది, అంతే.

గత నెల మా అమీర్‌పేట పోర్షన్ ఖాళీ చేశాం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ముప్పయ్యేళ్ల సామాను. నాయనమ్మ పోయి మూడేళ్లయినా ఆమె ట్రంకుపెట్టెను ఎవరూ తెరవలేదు. గౌరవం కొద్దీ అని నాన్న అంటాడు, తాళంచెవి దొరక్క అని అమ్మ అంటుంది. చివరికి సామాన్లు మోసే అతను సుత్తితో ఒక్కటిచ్చి తెరిచాడు. లోపల రెండు మంగళగిరి చీరలు, కలరా ఉండలు, ఎప్పటిదో మట్టల ఆదివారం నాటి ఎండిన ఆకు, ఒక బిస్కెట్ల డబ్బా. డబ్బాలో ఆమె జపమాల. తెల్ల పూసలు పసుపు రంగుకు తిరిగాయి, వాటిని కలిపి ఉంచిన నైలాన్ దారం మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. మూటల మధ్య నేల మీద చతికిలబడి పూసలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మూడో వరస చివర వేలు ఆగింది. సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగుతున్న అమ్మ తలెత్తకుండానే, "సరిపోయాయా?" అంది. "ఎప్పుడు సరిపోయాయి గనక," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. సామాన్లు మోసే అతను మమ్మల్ని జాలిగా చూశాడు, ఇల్లు వదిలిపోతున్న బాధ అనుకుని.

మా నాయనమ్మ పేరు ఇన్నమ్మ. నాన్న ఉద్యోగం వెంట గుంటూరు వైపు నుంచి హైదరాబాదు వచ్చింది. వచ్చేటప్పుడు పచ్చడి జాడీలతో పాటు పద్ధతులు కూడా తెచ్చుకుంది. జాడీలు దారిలో రెండు పగిలాయి గానీ, పద్ధతులకు చిన్న దెబ్బ కూడా తగల్లేదు. నాలుగున్నరకే లేచేది. లేవగానే సిలువ గుర్తు వేసుకునేది, ఇక ఆ చెయ్యి రోజంతా ఊరుకునేది కాదు. పాలగిన్నె మీద, కుక్కర్ మీద, నా పరీక్ష అట్ట మీద, నాన్న స్కూటర్ మీద, మీటరు వెయ్యనని వెళ్లిపోతున్న ఆటో వెనక కూడా సిలువ గుర్తు వేసేది. మా కుక్కర్ ఎన్నడూ పేలలేదు. స్కూటర్ మాత్రం పంజాగుట్ట చౌరస్తాలో రోజూ ఆగేది. దేవుడు వంటింటి శాఖ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాడని నాన్న అనేవాడు, నాయనమ్మ లేనప్పుడు.

పొద్దున ఇల్లంతా కాఫీ వాసన, మధ్యాహ్నం ఎండుచేపల వాసన, సాయంత్రం కొవ్వొత్తి మైనం వాసన. ఏడు కొట్టేసరికి అందరూ మోకాళ్ల మీద ఉండాలి. ఆ సమయంలో మా గుమ్మం తొక్కినవాళ్లకు మతంతో నిమిత్తం లేకుండా అదే శిక్ష. కేబుల్ బిల్లు అతను ఎన్నోసార్లు చిక్కాడు. ఒకసారి జావా నేర్చుకోవడానికి రాజమండ్రి నుంచి వచ్చిన అబ్బాయి మేడమీద గది అద్దెకు ఉందా అని అడగడానికి వచ్చి, నాయనమ్మ కళ్లతోనే చూపించిన చోట మోకరించి, అయిదు పదులూ పూర్తయ్యేదాకా లేవలేకపోయాడు. గది నచ్చిందో లేదో చెప్పలేదు గానీ మళ్లీ రాలేదు. ఏడూముప్పావుకు సీరియల్ ఉండేది. కాబట్టి మొదటి పది తాపీగా, రెండోది మామూలుగా నడిచి, నాలుగూ అయిదూ సికింద్రాబాదు బస్సులా దూసుకుపోయేవి.

మా మతం ఎరగనివాళ్ల కోసం ఒక ముక్క. జపమాలలో అయిదు వరసలు, వరసకు పది పూసలు, అందుకే వరసనే పది అంటాం, పూసకొక మంగళవార్త జపం. సగం ఒకరు చెబితే, మిగతా సగం అందరూ అందుకుంటారు. పది అవగానే అందరూ కలిసి త్రిత్వస్తోత్రం చెప్పి తర్వాతి వరసకు వెళ్తారు. మా బ్లాకులో, అంటే చుట్టుపక్కల కతోలికుల ఇళ్ల గుంపులో, చెప్పించే అధికారం నాయనమ్మది. ఆమె పూస కదిపితే పాతికమంది కదిలేవాళ్లు, ఆమె ఆపితే ఆగేవాళ్లు.

ఇక గ్లాసుల సంగతి. మా వంటింట్లో గ్లాసులు మూడు రకాలు. ఇంట్లోవాళ్లకు స్టీలువి, చుట్టాలకు గాజువి. మూడో రకంలో ఒక్కటే ఉండేది, కిటికీ గట్టు మీద, అడుగున ఎర్రరంగు చుక్కతో. అది లూర్దమ్మది. ఎందుకు విడిగా ఉంటుందని ఒకసారి అడిగాను. "ఎవరిది వాళ్లకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదే," అంది నాయనమ్మ. ఎవరి ఇబ్బందో చెప్పలేదు. దేవుని ముందర అందరం ఒక్కటేనని ఫాదర్‌గారు ప్రసంగంలో అన్నప్పుడు గుడి మొత్తంలో గట్టిగా ఆమెన్ అనేది ఆమే. కిటికీ గట్టు దేవుని ముందరికి రాదు కాబోలు.

లూర్దమ్మ వరంగల్ వైపు మనిషి. సోమాజిగూడలో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసేది. భర్త లేడు. మా బిల్డింగు వెనక మురికి నాలా పక్కన రేకుల కప్పుతో ఆరు గదుల వరస ఉండేది, అందులో చివరి గది ఆమెది. డ్యూటీ దిగి, మొహం కడుక్కుని, డెట్టాల్ వాసనతో నేరుగా జపమాలకు వచ్చేది. వచ్చి చాపలు పరిచేది, కొవ్వొత్తులు సర్దేది, పెద్దవాళ్లకు కుర్చీలు వేసేది, చివరికి గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చునేది. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు. లోపలికి రమ్మని కూడా ఎవరూ చెప్పలేదు.

అక్టోబరు వస్తే మా బ్లాకు కతోలికుల ఇళ్లలో మరియమాత స్వరూపం రోజుకొక ఇంటికి వెళ్లేది. సాయంత్రం నిన్నటి ఇంటి నుంచి ఇవాళ్టి ఇంటికి పాటలతో ఊరేగింపు, అక్కడ జపమాల, తర్వాత టీ, అమ్మ, అంటే మరియమాత, మర్నాటిదాకా ఆ ఇంట్లోనే. ఊరేగింపు అంటే ఏనుగులు ఊహించుకోవద్దు. ముందు నాన్న స్వరూపం పట్టుకుని, వెనక మేం కొవ్వొత్తుల చుట్టూ ప్లాస్టిక్ గ్లాసులు అడ్డుపెట్టి, కోచింగ్ సెంటర్ల జనం మధ్య నుంచి. కరపత్రాలు పంచే అతను ఒకసారి నాన్న రెండు చేతులూ ఖాళీ లేకపోవడం చూసి, కాగితాన్ని మరియమాత పాదాల దగ్గర పెట్టాడు. అరవై రోజుల్లో ఒరాకిల్. మరియమాత ఆ రాత్రికి ఆ కరపత్రంతోనే మధురానగర్ వెళ్లింది.

ఏ రోజు ఎవరిల్లు అనే జాబితా సెప్టెంబరు చివర మా భోజనాల బల్ల మీద తయారయ్యేది. ఆ ఏడు నాయనమ్మ కళ్లజోడు పెట్టుకుని రాస్తుంటే లూర్దమ్మ గుమ్మంలో నిలబడింది.

"పెద్దమ్మా, ఈసారి జర మా రూముకు సుత అమ్మను తోల్కరాండ్రి. ఒక్క దినం."

"మీ గదికా? పాతికమంది వస్తారు లూర్దమ్మా. కుర్చీలెక్కడ పడతాయి?"

"ఎట్లనో అట్ల కూసుంటరు పెద్దమ్మా."

"బాలశౌరిగారికి మోకాళ్ల నొప్పులు. ఫ్యాను కింద కుర్చీ లేకపోతే కూర్చోలేరు. వచ్చే ఏడు చూద్దాంలే."

"వచ్చే ఏడు రూమే ఉండది. ఓనరు కూలగొడ్తుండు, హాస్టల్ కడ్తడట. క్రిస్మస్ లోపట ఖాళీ చేయమన్నడు." లూర్దమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది. "ఏడేండ్ల సంది అందరి ఇండ్లల్ల చాపలు పరిచిన పెద్దమ్మా. నా ఇంట్ల ఒక్కసారి అమ్మ ముంగట కొవ్వొత్తి ముట్టిచ్చుకొని పోదామని."

నాయనమ్మ కాగితం వైపు చూసి, "ముప్పై ఒకటీ నిండిపోయాయి," అంది. మా అమ్మ కిటికీ గట్టు మీది గ్లాసులో టీ పోసి ఇచ్చింది. లూర్దమ్మ మెట్ల మీద నిలబడి తాగి, గ్లాసు కడిగి, దాని చోట దాన్ని పెట్టి వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక నేను జాబితా చూశాను. రిటైర్డు ఇంజనీరు బాలశౌరిగారి ఇంటికి రెండు రోజులు పడ్డాయి, ఒకటి ఆయన పేరున, మర్నాడు కొడుకు పేరున. కొడుకు ఆ ఇంట్లోనే, ఆ ఫ్యాను కిందే ఉంటాడు.

ఆ అక్టోబరులో నేను గుమ్మం దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. లూర్దమ్మ మీద ప్రేమతో కాదు, అక్కడ కునుకు తీస్తే నాయనమ్మకు కనపడదని. కానీ పక్కన మనిషి పెదాలు కదుపుతుంటే నిద్ర ఎక్కడ పడుతుంది? మూడో పది అయిపోయి అందరూ త్రిత్వస్తోత్రంలో పడితే, లూర్దమ్మ ఒక్కతే వెనకబడి గబగబా మరో మంగళవార్త జపం గొణిగి, అప్పుడు అందరిలో కలిసేది. మొదటి పదిలో అలా చెయ్యదు, అయిదో పదిలో చెయ్యదు. రోజూ మూడోదాంట్లోనే. వారం రోజులు చూసి, చెప్పులు సర్దుతుంటే పట్టుకుని అడిగాను. ఆమె ముందు నవ్వి తప్పించుకోబోయింది. నేను వదలలేదు.

"ఒకటి తక్కువ పడ్తది బిడ్డా. మీ నాయనమ్మ దండల మూడో పదికి తొమ్మిదే పూసలున్నయ్."

"నీకెలా తెలుసు?"

ఆమె అరచెయ్యి తెరిచి వేళ్ల గణుపులు చూపించింది. "నేను వీటి మీద లెక్కవెడ్త. ఇవి తెగి రాలిపోవు గద."

"మరి చెప్పలేదేం?"

"ఎట్ల చెప్త? అందరి ముంగట పెద్దమనిషి ఇజ్జత్ తియ్యాల్నా? ఒక్కటే గద, నేను చెప్పేస్త, ఫికర్ లేదు. నువ్వు సుత ఎవ్వరికి చెప్పకు. ఒట్టు పెట్టు."

ఒట్టు పెట్టాను. ఆ మర్నాడు నా జపమాల చూసుకుంటే నిజమే, మూడో పదిలో నాకొక పూస మిగిలింది. అన్నాళ్లూ మిగులుతూనే ఉంది, నేనే ఎక్కడో నిద్రపోయాననుకుని దాన్ని దాటేసేదాన్ని. తర్వాత తెలిసిందేమిటంటే బ్లాకు మొత్తం అదే పని చేస్తోంది. చేతిలో ఒక పూస మిగిలిన ప్రతివాళ్లూ తామే పరధ్యానంలో పడ్డామనుకుని, సిగ్గుపడి, చప్పుడు చెయ్యకుండా దాటేశారు. ఇన్నమ్మగారు తప్పు చెప్పే అవకాశం ఎవరికీ తట్టలేదు. గుమ్మం దగ్గర కూర్చున్న మనిషికి తట్టింది, తట్టి ఊరుకుంది.

పదకొండేళ్లకు నాకు వచ్చిన ఆలోచన సాధువైనది కాదు. లూర్దమ్మకు ఒక రోజు ఇవ్వకపోతే పూస సంగతి అందరి ముందూ చెప్పేస్తానని నాయనమ్మను బెదిరిద్దామనుకున్నాను. శనివారం, చేసిన పాపాలు ఫాదర్‌గారికి చెప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లాను. నా పాపాల జాబితా ఎప్పుడూ ఒక్కటే: అబద్ధం ఆడాను, అమ్మకు ఎదురు చెప్పాను, తమ్ముణ్ణి కొట్టాను. నాకు తమ్ముడు లేడు. మొదటిసారి పక్కింటి పిల్ల దగ్గర చూసి నేర్చుకున్నాను, వరస బాగా కుదిరిందని మార్చలేదు. తమ్ముడి దాకా వచ్చి ఆగాను.

"ఇంకా ఏమైనా ఉందామ్మా?" జాలీ అవతల ఫాదర్‌గారు ఆవులింత మింగారు.

"ఫాదర్, మా నాయనమ్మ జపమాలలో ఒక పూస తక్కువ."

"నువ్వు తీశావా?"

"లేదు ఫాదర్. ఎప్పుడో తెగి పోయినట్టుంది."

"మరి ఇందులో నీ పాపం ఏమిటి?"

"పాపం ఇంకా చెయ్యలేదు ఫాదర్. రేపు చేద్దామనుకుంటున్నాను." మొత్తం చెప్పాను, లూర్దమ్మకు పెట్టిన ఒట్టుతో సహా. ఫాదర్‌గారు దగ్గారు, నవ్వు ఆపుకున్నప్పుడు వచ్చే దగ్గు.

"లూర్దమ్మగారి దగ్గరికి వెళ్లి, ఒట్టు విడిపించమని అడుగు. ఆమె ఒప్పుకుంటే మీ నాయనమ్మతో ఒంటరిగా చెప్పు. బెదిరించకు. అన్నం తిన్నాక చెప్పు." ఆయన లూర్దమ్మగారు అన్నారు. ఆ పేరు వెనక గారు అనే మాట వినడం నాకు అదే మొదలు. "ప్రాయశ్చిత్తంగా పది మంగళవార్త జపాలు చెప్పుకో. పది. లెక్కపెట్టి."

లూర్దమ్మ అంత తేలిగ్గా ఒట్టు విడిపించలేదు. "జెప్పద్దంటి గద! గుళ్లె జెప్పొచ్చినవా?" అని నెత్తి కొట్టుకుంది. ఫాదర్‌గారికి చెప్పింది బయటికి రాదని నేను ధైర్యం చెబితే, "ఆయనకెల్లి బయటికి రాదు, నీకెల్లి అచ్చినట్టే ఉన్నది," అంది. చివరికి ఒక షరతు పెట్టింది. "పూస సంగతి చెప్తె చెప్పు. నా రూము ముచ్చట మాత్రం తియ్యకు. గిదానికి అది బదులు అన్నట్టు ఉండొద్దు." దాంతో నా కుట్రలో ఉన్న ఒక్క ప్రయోజనమూ పోయింది. అయినా మాటిచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం, కోడికూర అన్నం తిన్నాక, మంచం మీద ఒరిగిన నాయనమ్మ కాళ్ల దగ్గర కూర్చుని చెప్పాను. ఆమె లేచి కూర్చుంది. దిండు కింది నుంచి జపమాల తీసింది. మూడో పది ఒకసారి లెక్కపెట్టింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టింది. తర్వాత నన్ను లెక్కపెట్టమంది.

"పంజాగుట్టలో బస్సు దిగేటప్పుడు తెగిందే," అంది. "లూర్దమ్మ ఇక్కడికి రాక ముందు, ఎనిమిదేళ్లయింది. సీట్ల కింద దూరి అన్నీ ఏరుకున్నాననుకున్నా. కండక్టరు తిడుతున్నాడు." జపమాల గుప్పిట్లో పెట్టుకుంది. "ఇంకెవరికి తెలుసు?"

"లూర్దమ్మకి. రోజూ ఆ ఒక్కటీ తనే చెప్పేస్తోంది."

"ఎవరితోనైనా అందా?"

"లేదు. నీ ఇజ్జత్ పోతుందని ఊరుకుంది."

ఇక్కడ నాయనమ్మ కళ్ల నీళ్లు పెట్టుకుని పశ్చాత్తాపపడి ఉంటే నాకు రాసుకోవడానికి బాగుండేది. ఆమె మండిపడింది. "నా జపం పూర్తి చెయ్యడానికి అదెవర్తే?" అని గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం టీ తాగలేదు. రాత్రి పెరుగన్నం తినలేదు. అమ్మ నా వైపు చూసింది. నేను లెక్కల పుస్తకం తెరిచాను, అది నేను తలదాచుకునే చివరి చోటు.

మర్నాడు జపమాల బాలశౌరిగారి ఇంట్లో, ఆయన పేరు మీది రోజు. ఫ్యాను తిరుగుతోంది, సోఫా మీద కొత్త గుడ్డలు పరిచారు. నాయనమ్మ అదే జపమాల తెచ్చింది. మొదటి పది అయింది, రెండోది అయింది. మూడోదాంట్లో తొమ్మిదో జపం అవగానే ఆమె ఆగింది. ఎనిమిదేళ్ల అలవాటు కొద్దీ పాతికమందీ త్రిత్వస్తోత్రంలోకి దూకేశారు. సగం చెప్పాక తమ ముందు నాయకురాలి గొంతు లేదని తెలిసి, ఒక్కొక్కరే ముందు నుంచి వెనక్కి ఆగిపోయారు, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బళ్లు ఆగినట్టు. నాయనమ్మ కళ్లు మూసుకునే ఉంది. గుమ్మం దగ్గర చెప్పుల పక్క నుంచి లూర్దమ్మ గొంతు వినపడింది. గొణుగుడు ఆపుకునే వ్యవధి ఆమెకు దొరకలేదు, ఆ ఒక్క జపమూ గది మొత్తానికి వినపడేలా వచ్చేసింది. సగం చెప్పి, భయపడి ఆగింది. మిగతా సగం నాయనమ్మ ఒక్కతే అందుకుంది. ఆ పైన అందరూ కలిశారు.

జపమాల ముగిశాక నాయనమ్మ మూడో పది చేతిలోకి తీసి అందరికీ చూపించింది. "తొమ్మిదే ఉన్నాయి. ఇన్నేళ్లూ నేను చూసుకోలేదు. లూర్దమ్మ చూసుకుంది."

"నేనే కునుకు తీశాననుకున్నానండీ ఇన్నేళ్లూ," అన్నారు బాలశౌరిగారు, ఆశ్చర్యంగా. "ప్రతి నెలా పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను కూడా."

"రేపు అమ్మ లూర్దమ్మ ఇంటికి వెళ్తుంది," అంది నాయనమ్మ.

"రేపు మా అబ్బాయి రోజు కదండీ! మిర్చిబజ్జీలు కూడా చెప్పేశాం."

"ఒకే ఇంటికి రెండు రోజులేంటి శౌరిగారూ? నేనే రాశాను, నేనే కొట్టేస్తున్నాను."

"అది కాదండీ, ఆ గదిలో కుర్చీలు పట్టవు."

"మోకాళ్లు పడతాయిగా," అంది నాయనమ్మ.

లూర్దమ్మ గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది. నేను మాట తప్పలేదన్నట్టు రెండు చేతులూ పైకెత్తాను. ఆమె నమ్మలేదు, ఇప్పటికీ నమ్మదు.

మర్నాడు ఆమె సెలవు పెట్టింది. మేం వెళ్లేసరికి గదిలో మంచం లేదు, బియ్యం డబ్బా లేదు, అన్నీ పక్క గది యాదమ్మ ఇంట్లోకి చేరాయి. యాదమ్మకు మా జపమాల ఏమిటో తెలియదు గానీ, వాకిట్లో కల్లాపి చల్లి ముగ్గు పెట్టింది. స్వరూపం పెట్టడానికి బల్ల లేక గ్యాసు సిలిండర్ మీద పీట వేసి, దాని మీద ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి కప్పి, పూలు చుట్టారు. మరియమాత సిలిండర్ మీద నిలబడితే నెత్తి రేకుల కప్పుకు జానెడు దూరంలో ఉంది. ఇరవై రెండుమంది పట్టాం. ఎలా పట్టామంటే, బాలశౌరిగారి మోచెయ్యి నా చెవిలో, నా మోకాలు కేబుల్ బిల్లు అతని వీపులో. అతను ఆ రోజు కూడా వసూలుకే వచ్చాడు. నాలా వాసనను మల్లెపూలు సగం ఆపాయి. గుమ్మం దగ్గర చోటు నాయనమ్మ తీసుకుంది, గాలి వస్తుందని చెప్పి. మూడో పది వచ్చేసరికి, "నువ్వు చెప్పు," అంది లూర్దమ్మతో. లూర్దమ్మ చెప్పింది. గణుపుల మీద, పది. ఎనిమిదోది అయింది. సరిగ్గా అప్పుడే దుప్పటి అంచు దోమలచక్రానికి తగిలి పొగ వచ్చింది, అందరూ లేచారు, యాదమ్మ చెంబుడు నీళ్లు గుమ్మరించింది. దుప్పటి మీద సగం, బాలశౌరిగారి మీద సగం. తర్వాత మిగతా రెండూ పూర్తయ్యాయి.

టీ వచ్చింది. గ్లాసులు చౌరస్తాలో టీ బండి నుంచి అరువు తెచ్చినవి, అన్నీ ఒకే రకం. నాయనమ్మ కొన్ని ఇళ్లలో టీ తాగదని, సాయంత్రం పడదంటుందని బ్లాకులో అందరికీ తెలుసు. ఏ ఇళ్లలో పడుతుందో, ఏ ఇళ్లలో పడదో కూడా తెలుసు. లూర్దమ్మ పళ్లెం ఆమె ముందుకు తేలేదు, పక్క నుంచి దాటించబోయింది. నాయనమ్మ చెయ్యి చాచి ఒకటి తీసుకుంది. అందరూ ఏదో ఒకటి మాట్లాడుతూ అటు చూడకుండా చూశారు. గ్లాసు ఖాళీ చేసి, "చక్కెర ఎక్కువేశావు," అంది.

"రేపటి నుంచి తక్కువేస్త పెద్దమ్మా," అంది లూర్దమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

కిటికీ గట్టు మీది గ్లాసు గురించి నాయనమ్మ ఏ ప్రకటనా చెయ్యలేదు. రెండు రోజుల తర్వాత చూస్తే అడుగున ఎర్రచుక్క లేదు. "తోముతుంటే పోయిందిలే," అంది అమ్మ. ఆ చుక్క ఏడేళ్ల తోముడుకు పోలేదు. అమ్మ గోళ్ల చివర మాత్రం ఎర్రగా ఉంది. ఆ గ్లాసు మిగతావాటిలో కలిసిపోయింది. ఆ తర్వాత ఒక రోజు నాయనమ్మ కాఫీ తాగుతూ గ్లాసు తిప్పి అడుగు చూసింది, ఏమీ కనపడక తాగేసింది. సమానత్వం మా ఇంటికి అలా వచ్చింది, పీచుతోనూ సబీనా పొడితోనూ.

డిసెంబరులో లూర్దమ్మ బోరబండ వెళ్లిపోయింది. ఇప్పుడు మా బ్లాకు జపమాల వాట్సాప్‌లో నడుస్తోంది. ఏడింటికి ఎవరో వాయిస్ పెడతారు, అందరూ చేతులు జోడించిన బొమ్మ పెడతారు. మోకాళ్ల నొప్పులు లేవు, మోచేతులు చెవుల్లోకి రావు, ఎవరైనా ఒకటి తక్కువ చెబితే వెనక నుంచి పూరించే మనిషి ఎవరో తెలిసే దారి లేదు. అప్పుడే బాగుండేదని అనను. అప్పటి గదుల్లో వాసన ఎలా ఉండేదో నాకు గుర్తుంది. నాయనమ్మ పోయిన రోజు లూర్దమ్మ రెండు బస్సులు మారి వచ్చింది, శవపేటిక తల దగ్గర కూర్చుని జపమాల తనే చెప్పించింది. అభ్యంతరం చెప్పడానికి పాతవాళ్లలో బాలశౌరిగారు ఒక్కరే మిగిలారు. ఆయన ఈసారి నిజంగానే కునుకు తీస్తున్నారు.

ఇల్లు ఖాళీ చేసిన రోజు, లారీ వెళ్లాక, ఆ సందులోకి నడిచాను. ఆరు గదుల చోట అయిదంతస్తుల లేడీస్ హాస్టల్ ఉంది. చివరి గది ఎక్కడ ఉండేదో కొలుచుకుంటూ నిలబడితే, అది ఇప్పుడు కింది అంతస్తులో నలుగురు ఉండే గది అని తేలింది. ఇరవై రెండుమందిమి పట్టిన చోటు. ఏదో లోతైన మాట తట్టబోతుండగా వార్డెన్ బయటికి వచ్చి, నన్ను పైనుంచి కిందికి చూసి, రూము కోసమా అని అడిగింది. ఊరికే చూస్తున్నానన్నాను. ఆమె అయినా చెప్పింది, వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకానే వస్తాయని.